ధర్మరాజు ‘నేను రాను’ అన్న చోట దాంతే ఏం చేశాడు?

సీతమ్మధార నుంచి ఒక సభ్యురాలు:
ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర మనవాళ్ల మాటల్లో ఒక ప్రశ్న వచ్చింది. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు నరకం చూస్తూ దేవదూతతో "నువ్వు వెళ్లు, నేను రాను" అంటాడు కదా. ఇటలీ కవి దాంతే ‘డివైన్ కామెడీ’లో కూడా ఒక మనిషి, అంటే ఆ కవే, బొందితోనే నరకానికి వెళ్తాడు, పక్కన దారి చూపేవాడు ఉంటాడు. రెండూ ఒకే రకం కథలు అనుకోవచ్చా మాస్టారూ?

జవాబు:
మొదట్లో అలాగే అనిపిస్తుందమ్మా. కాలం కూడా దగ్గరదే. తిక్కన సోమయాజి భారతాన్ని తెలుగు చేసింది 13వ శతాబ్దిలో, దాంతే ఫ్లోరెన్సులో పుట్టింది 1265లో. అయితే మీరు పట్టుకున్న ఆ మాట దగ్గరే రెండు కావ్యాలూ చెరో దారీ పడతాయి.

ధర్మరాజు స్వర్గానికి వెళ్లేసరికి అక్కడ దుర్యోధనుడు వెలిగిపోతూ కూర్చుని ఉంటాడు. తమ్ముళ్లు లేరు, కర్ణుడు లేడు. వాళ్లు ఎక్కడుంటే తననీ అక్కడికే తీసుకెళ్లమంటాడు. దేవతలు దూతను తోడిచ్చి పంపుతారు. నెత్తురు బురద, పురుగులు, కత్తుల్లాంటి ఆకులున్న అడవి, సలసల కాగే నది. కొంత దూరం పోయాక దూత ఆగిపోయి, "నన్ను ఇంతవరకే రమ్మన్నారు, అలసిపోతే వెనక్కి వచ్చెయ్" అంటాడు. ఆ దూతకు పేరు లేదు, ధర్మరాజు మీద ప్రేమా లేదు. అప్పగించిన పని చేసి పోయే మనిషి. ధర్మరాజు కూడా ఆ కంపు భరించలేక వెనక్కి తిరుగుతాడు. ఈ తిరగడం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. అప్పుడే చీకట్లోంచి గొంతులు వినిపిస్తాయి. "కాసేపు ఆగు, నీ ఒంటి మీంచి వచ్చే గాలికి మా బాధ తగ్గుతోంది" అని. ఎవరు మీరు అని అడిగితే కర్ణుడు, భీముడు, అర్జునుడు, ద్రౌపది అని ఒక్కొక్కరే చెబుతారు. అప్పుడు ఆయన దేవతలను, ధర్మాన్ని కూడా నిందిస్తాడు. "నేనిక్కడ ఉంటే వీళ్లకు సుఖంగా ఉంది కాబట్టి రానని నీ ప్రభువులకు చెప్పు" అంటాడు. ధర్మరాజు నోట ధర్మనింద! భారతం మొత్తంలో నన్ను ఇంతగా కదిలించిన చోటు ఇంకొకటి లేదు.

దాంతే విషయానికి వద్దాం. అతనికి తోడు వచ్చేది వర్జిల్, తాను ప్రాణంగా చదువుకున్న ప్రాచీన రోమన్ కవి. ఎంతో ప్రేమగా చూసుకుంటాడు. ఒకచోట పిశాచాలు తరుముతుంటే తల్లి బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వాలు మీంచి జారిపోతాడు. కానీ నరకం కథ చెప్పే భాగం ఇన్ఫెర్నో 20వ సర్గలో తలలు వెనక్కి తిరిగిపోయిన జోస్యగాళ్లను చూసి దాంతే ఏడిస్తే అదే వర్జిల్ కసురుతాడు. ఇక్కడ జాలి చచ్చిపోతేనే అసలు భక్తి బతుకుతుందనేది అతని మాటల సారం. 5వ సర్గలో తప్పు ప్రేమలో పడి నరకానికి వచ్చిన ఫ్రాంచెస్కా కథ విని మూర్ఛపోయిన మనిషే 33వ సర్గకు వచ్చేసరికి, మంచులో కూరుకుపోయిన ఒక పాపికి కళ్ల మీది మంచు తీస్తానని మాటిచ్చి కూడా తీయకుండా వెళ్లిపోతాడు. గురువు మాట వింటూ జాలిని అదుపులో పెట్టుకోవడం దాంతే నేర్చుకున్న పాఠం. ధర్మరాజు తోడొచ్చినవాణ్ణి పొమ్మని, తనకై తాను నిలబడ్డాడు.

పెదవాల్తేరు నుంచి ఒక సభ్యుడు:
దాంతేకు అన్యాయం చేస్తున్నారండీ. అతని నరకం శాశ్వతం. "లోపలికి వచ్చేవాళ్లు ఆశ వదులుకోండి" అని వాకిట్లోనే రాసి ఉంది. అక్కడ జాలిపడటమంటే దేవుడి తీర్పు తప్పని చెప్పడమే. మన నరకంలో పాపఫలం అనుభవించి బయటికి వస్తారు, పైగా ధర్మరాజు చూసింది మాయ. అశ్వత్థామ విషయంలో ద్రోణుణ్ణి మభ్యపెట్టినందుకు ఆయనకూ అలాగే మభ్యపెట్టి నరకం చూపించామని ఇంద్రుడే చెబుతాడు.

జవాబు:
మీరన్నది నిజం. శిక్షకు ముగింపు ఉందా లేదా అన్న దాన్ని బట్టే జాలికి చోటు ఉంటుంది. అయితే అది మాయ అని ధర్మరాజుకు ఆ క్షణాన తెలియదు కదండీ. ఎప్పటికీ అక్కడే ఉండిపోవాలేమో అన్న స్థితిలోనే ఉంటానన్నాడు. యముడు వచ్చి ఇది నీకు మూడో పరీక్ష అంటాడు. ద్వైతవనంలో నిప్పు రగిల్చే కొయ్య అరణి కోసం వెళ్లినప్పుడు ఒకటి, కుక్కను వదలనన్నప్పుడు రెండోది. మూడింట్లోనూ ఆయన తన సుఖం కంటే తోడున్నవాళ్లనే చూసుకున్నాడు.

దాంతేలో నన్ను బాధపెట్టేది పాపుల శిక్షలకంటే వర్జిల్ గతి. శిష్యుణ్ణి పాపాలు కడుక్కునే పర్గటోరియో కొండ చివరిదాకా తెచ్చినవాడికి స్వర్గంలో చోటు లేదు, క్రీస్తుకు ముందు పుట్టాడు కనుక. పర్గటోరియో భాగం 30వ సర్గలో, తాను ప్రేమించిన, స్వర్గానికి దారి చూపే బియాట్రిస్‌ను చూసిన కంగారులో దాంతే వర్జిల్ వైపు తిరిగితే, పక్కన లేడు. ఏడుస్తాడు. ఇంత చేసినవాణ్ణి వదిలి నేను ముందుకు రానని మాత్రం అనడు. దాంతే విశ్వాసం ప్రకారం అనకూడదు కూడా, అది నాకు అర్థమవుతుంది. అర్థమైనా నా మనసు ఒప్పుకోదు. ఇన్ఫెర్నో 20, పర్గటోరియో 30 సర్గలను స్వర్గారోహణ పర్వం పక్కన పెట్టి వచ్చే ఆదివారం చదువుదాం, మీ వాదన పూర్తిగా వినాలని ఉంది.