‘పర్వతో వహ్నిమాన్ ధూమాత్’ శాటిలైట్ బొమ్మల్లో ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. 2025 నవంబర్‌లో ఇథియోపియా అగ్నిపర్వతం నుంచి ఢిల్లీ మీదకి వచ్చిందాన్ని కొందరు ‘పొగ’ అన్నారు, కొందరు ‘బూడిద మేఘం’ అన్నారు, ‘ధూళి’ అన్నవాళ్ళూ ఉన్నారు, మూడూ ఒకటేనా? అలాగే ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనే మన సామెతకీ తర్కంలో చెప్పే ‘పర్వతో వహ్నిమాన్ ధూమాత్’ (పొగ ఉంది కాబట్టి కొండ మీద నిప్పుంది) అనే వాక్యానికీ సంబంధం ఏమన్నా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

జవాబు

సామెతా ఆ తర్కవాక్యమూ చెప్పే మాట ఒకటేనండీ. కాకపోతే సామెత అక్కడితో ఆగిపోతుంది, తర్కం మాత్రం అది నిజంగా పొగేనా, ఎక్కడి పొగ, దాని మొదలు కనిపిస్తోందా అని అడుగుతూ పోతుంది. శాటిలైట్ బొమ్మలు చూసి బూడిద ఎటు పోతోందో చెప్పేవాళ్ళ పని కూడా అచ్చంగా అదే, అందుకే మీ రెండు ప్రశ్నలకీ కలిపే రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ఈ వాక్యం మనలో చాలామంది అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం అనే తర్కశాస్త్రం పుస్తకంలో చదివే ఉంటారు. 17వ శతాబ్దం మనిషి, మన తెలుగువాడు, కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడు అని సంస్కృతంలో నానుడి పుట్టేంత పేరు ఆయనది. ఉదాహరణ మాత్రం ఆయన కంటే చాలా పాతది, నైయాయికులందరూ (న్యాయం అనే తర్కశాస్త్రం పండితులు) వాడిందే. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది, ‘యత్ర యత్ర ధూమస్తత్ర తత్రాగ్నిః’, పొగ ఎక్కడెక్కడ ఉంటే అక్కడక్కడ నిప్పుంటుంది, వంటింట్లో రోజూ చూస్తున్నాం కదా అని. ఈ విడదీయరాని తోడునే వ్యాప్తి అంటారు.

అయితే వ్యాప్తి ఒక్కటే ఉంటే చాలదు, ఆ పొగ ఆ కొండ మీదే ఉండాలి, దాన్ని పక్షధర్మత అంటారు. కేశవమిశ్రుడు రాసిన తర్కభాష అనే ఇంకో తర్కం పుస్తకంలో ఈ చోట ఒక మాట వస్తుంది, నాకు ప్రాణం లేచొచ్చే మాట: ‘అవిచ్ఛిన్నమూలాం అభ్రంలిహాం ధూమలేఖాం’. అంటే మొదలు తెగకుండా, మబ్బుల్ని నాకుతూ పైకి పోతున్న పొగ గీత. మొదలు తెగకూడదు అన్న ఆ చిన్న షరతు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఢిల్లీ ఉదాహరణే చాలు.

హైలీ గుబ్బి అనే అగ్నిపర్వతం ఇథియోపియా అఫార్ ప్రాంతంలో ఉంది, అంతకుముందు అది ఎప్పుడైనా పేలినట్టు చరిత్రలో రికార్డు కూడా లేదు, 2025 నవంబర్ 23న పేలింది. బూడిద సుమారు 14 కి.మీ. ఎత్తుకి పోయి అక్కడి గాలుల్లో పడి ఎర్రసముద్రం దాటి యెమెన్, ఒమాన్ మీదుగా అరేబియా సముద్రం మీదకొచ్చి మర్నాడు రాత్రికల్లా గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీ మీదకి చేరింది, విమానాలు కొన్ని రద్దయ్యాయి, కొన్ని దారి మళ్ళాయి, ఆ తర్వాత అది చైనా వైపు పోయింది. ఇప్పుడు ఢిల్లీలో నిలబడి నెత్తి మీద ఉన్న దాన్ని చూసి ‘ఇక్కడ నిప్పుంది’ అంటే తప్పు కదా, నిప్పు ఉన్న చోటు దాదాపు 4,000 కి.మీ. అవతల ఉంది. ఢిల్లీ పైన ఉన్నది మొదలు తెగిన ధూమలేఖ. మరి మొదలు ఎలా దొరుకుతుంది? భూమి తిరుగుడుతో పాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటు పైన కనిపించే శాటిలైట్లు 36,000 కి.మీ. ఎత్తులో ఉంటాయి, హిందూ మహాసముద్రం పైనున్న మెటియోశాట్ 15 నిమిషాలకో బొమ్మ, మన ఇన్సాట్ 30 నిమిషాలకో బొమ్మ పంపుతాయి. ఆ బొమ్మల్ని వరసగా వెనక్కి తిప్పుకుంటూ పోతే తెగిన గీత మళ్ళీ కొండ దాకా అతుక్కుంటుంది. బొమ్మల మధ్య ఖాళీల్ని ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందన్న లెక్కతో నింపుతారు. కేశవమిశ్రుడు కంటితో చూసి తీర్చుకోమన్న షరతుని వీళ్ళు బొమ్మల వరసతో తీర్చుకుంటున్నారు.

ఇక అసలు చిక్కు, అది పొగేనా? న్యాయగ్రంథాల్లో దీని మీద చాలా చర్చ ఉంది, దూరం నుంచి ఆవిరిని చూసి పొగ అనుకోవడం, లేచిన దుమ్ముని (ధూళీపటలం అంటారు) చూసి పొగ అనుకోవడం, అక్కడ హేతువే (చూపించిన కారణమే) అబద్ధం కాబట్టి అనుమానం (తర్కంలో అంటే గుర్తుని బట్టి ఊహించి తేల్చడం) కూలిపోతుంది. శాటిలైట్ వాళ్ళకీ సరిగ్గా ఈ రెండే శత్రువులు! మామూలు ఫోటోలో బూడిద మేఘమూ నీటి మేఘమూ కలిసిపోతాయి, రాత్రయితే అదీ కనపడదు. అందుకని వేడి కిరణాల్లో రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర ఉష్ణోగ్రత కొలుస్తారు, ఒకటి సుమారు 11 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర, ఇంకోటి 12 దగ్గర. నీళ్ళూ మంచూ ఉన్న మేఘం 12 దగ్గర కిరణాల్ని ఎక్కువ పీల్చుకుంటుంది, రాతి పొడి ఉన్న మేఘం దానికి తిరగబడి 11 దగ్గర ఎక్కువ పీల్చుకుంటుంది. మొదటి ఉష్ణోగ్రతలోంచి రెండోది తీసేస్తే మామూలు మేఘానికి ప్లస్ వస్తుంది, బూడిదకి మైనస్ వస్తుంది. 2024 ఫిబ్రవరిలో మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఇన్సాట్-3డీఎస్‌లో కూడా ఈ రెండు చానెళ్ళూ ఉన్నాయి.

ఆవిరి సంగతి తీరింది కదా, ధూళి మాత్రం తీరలేదు, ఎందుకంటే ఎడారి ఇసుక కూడా రాతి పొడే, దానికీ మైనస్సే వస్తుంది, యెమెన్, ఒమాన్, థార్ మీదుగా వచ్చే దాంట్లో ఇది మామూలు బెడద కాదు. అక్కడ ఇంకో గుర్తు పట్టుకుంటారు, సల్ఫర్ డయాక్సైడ్. ఇసుక తుఫానులో అది ఉండదు, అగ్నిపర్వతం నుంచి బోలెడంత వస్తుంది. 2017లో ఎగిరిన సెంటినెల్-5పీ మీద ట్రోపోమీ అనే పరికరం అతినీలలోహిత కిరణాల్లో దాన్ని పట్టుకుంటుంది, కాకపోతే పగలే పనిచేస్తుంది. గ్యాసూ బూడిదా కొంత దూరం పోయాక వేర్వేరు ఎత్తుల్లో విడిపోవచ్చు కూడా, కాబట్టి గ్యాస్ కనిపించిన చోటల్లా బూడిద ఉందని అనకూడదు, అది మళ్ళీ వ్యభిచారం అవుతుంది (తర్కంలో హేతువు తప్పిపోవడాన్ని అలాగే అంటారు, పేరు చూసి కంగారు పడకండి).

కామెంట్

మస్తు చెప్పిన్రు అన్నా. నాకో డౌటు. నిప్పు లేకుంటె పొగ రాదు సరే, మరి నిప్పుంటె పొగ ఉంటదా? పంజాబ్ దిక్కు వరి కొయ్యలు కాలవెడ్తరు గదా, శాటిలైట్‌ల మంటలు తక్కువ కనిపిచ్చినయ్ అంటరు, ఢిల్లీల పొగ మాత్రం గట్లనే ఉంటది. ఇంకోటి, అగ్నిపర్వతంల ఏం కాలుతది? కరిగిన రాయే గద బయటికొచ్చేది. అసుంటప్పుడు దాన్ని పొగ అనుడే తప్పు గాదా?

జవాబు

తమ్ముడూ, రెండూ గట్టి ప్రశ్నలే. మొదటిదానికి అన్నంభట్టు దగ్గరే జవాబుంది. ‘పర్వతో ధూమవాన్ వహ్నిమత్త్వాత్’, నిప్పుంది కాబట్టి పొగ ఉంది అంటే చెల్లదు, ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంటుంది, పొగుండదు, దాన్ని అయోగోళకం అంటారు. పొగ రావాలంటే నిప్పుకి పచ్చి కట్టె తగలాలి, ఆర్ద్రేంధన సంయోగం, అదే ఇక్కడ ఉపాధి (తర్కంలో అంటే చెప్పకుండా వదిలేసిన అదనపు షరతు). శాటిలైట్ మంటల మ్యాపుల్లో చూడు, ఉక్కు ఫ్యాక్టరీలూ గ్యాస్ మండే గొట్టాలూ కూడా ఎర్ర చుక్కలుగా పడతాయి, ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి, అవి పొలం మంటలు కావని విడిగా తీసెయ్యాల్సి వస్తుంది. ఉక్కు ఫ్యాక్టరీ అంటే అక్షరాలా అయోగోళకమే కదా!

పంజాబ్ విషయంలో జరిగేది దీనికి తిరుగు. మంటల్ని బాగా పట్టుకునే విర్స్ లాంటి పరికరాలు ఒకే చోటు పైన ఉండకుండా భూమి చుట్టూ తిరిగే శాటిలైట్ల మీద ఉంటాయి, 375 మీటర్ల ముక్కల్లో చూస్తాయి, కానీ పగటిపూట వచ్చేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. నాలుగింటికి తగలబెట్టి ఆరింటికి ఆర్పేసిన పొలం వాటికి కనపడదు. ఎప్పుడూ పైనే ఉండే శాటిలైట్లకి టైము సమస్య లేదు కానీ వాటి చూపు మొరటు, చిన్న మంటలు జారిపోతాయి. పైగా పొగే మందంగా ఉంటే అడుగున మంట దాక్కుంటుంది. కాబట్టి చుక్కల లెక్క తగ్గింది గనక కాల్చడం తగ్గింది అని చెప్పడం తొందరపాటు, కాలిన నేల నల్లటి మచ్చల్ని కూడా కొలిచాకే ఆ మాట అనాలి. ఈ విషయం చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది, ఊపిరాడక ఇబ్బంది పడే పిల్లలున్న చోట చుక్కల లెక్క చూపించి అంతా బాగుందనడం న్యాయం కాదు.

రెండో ప్రశ్నకొస్తే నువ్వన్నదే నిజం. అగ్నిపర్వతంలో కట్టె కాలినట్టు ఏదీ కాలదు, లోపల కరిగిన రాతిలో ఇమిడి ఉన్న గ్యాసులు పైకొచ్చేటప్పుడు ఒక్కసారిగా ఉబ్బి రాతిని తుత్తునియలు చేస్తాయి. మనం బూడిద అనేది నిజానికి రాయీ గాజూ పిండైన పొడి, నీళ్ళలో కరగదు, గరగరలాడుతుంది. 1982 జూన్ 24 రాత్రి ఇండోనేషియాలో గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో విమానం వెళ్ళిపోయింది, రాడార్‌లో ఏమీ లేదు, ఎందుకంటే విమానం రాడార్ తడిని చూస్తుంది, ఇది పొడి. ఆ పొడి ఇంజన్ల వేడికి కరిగి లోపల అతుక్కుపోయి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, కిందకి జారాక మళ్ళీ అంటుకుని జకార్తాలో దిగారు. కట్టె బూడిద అయితే ఇలా కరిగి అతుక్కునే గాజు కాదు. ఇలాంటి సంఘటనల తర్వాతే బూడిద హెచ్చరికలిచ్చే కేంద్రాలు ప్రపంచమంతా తొమ్మిది పెట్టారు, హైలీ గుబ్బి బూడిదని చూసుకున్నది ఫ్రాన్సులోని టూలూజ్ కేంద్రం.

కామెంట్

మాస్టారూ, అంతా బావుంది. మరి ఇలా లేచి గాలివాటున సాగే పొగనీ బూడిదనీ ఇంగ్లీషులో ప్లూమ్ అంటారు కదా, దానికి తెలుగులో ఏమనాలి మనం? ధూమలేఖ అంటే స్కూలు పిల్లలకి ఎక్కదేమో, ‘పొగ చాలు’ అనకూడదా?

జవాబు

అడవి మంటలకీ పొలం మంటలకీ ఫ్యాక్టరీ గొట్టాలకీ ‘పొగ చాలు’ చక్కగా సరిపోతుందమ్మా, నాగలి చాలు అందరికీ తెలుసు, గాలివాటున సాగే ఆకారమూ వస్తుంది. అగ్నిపర్వతానికి మాత్రం పొగ అనే మాట వద్దంటాను, ‘బూడిద చాలు’ అందాం. బూడిద అనేది కూడా పూర్తిగా సరికాదని పైన తమ్ముడు అడిగిందాంట్లోనే తేలింది, అయినా పుస్తకాల్లో పేపర్లలో స్థిరపడిపోయింది, ఇప్పుడు మార్చబోతే గందరగోళం, పక్కన ఒక్కసారి ‘అంటే రాతి పొడి’ అని రాస్తే సరిపోతుంది. మొదలు కొండకి అంటుకుని ఉన్నంతసేపు ‘బూడిద చాలు’, తెగిపోయి గాల్లో తేలుతున్నప్పుడు ‘బూడిద మేఘం’, ఈ తేడా పాటిస్తే ఢిల్లీ మీదకొచ్చింది బూడిద మేఘం, హైలీ గుబ్బి మీద లేచింది బూడిద చాలు అవుతుంది. ధూమలేఖ మాటని తర్కభాషలో అనుమానం చెప్పేచోట చూడండి, వాక్యం మొత్తం నాలుగైదు పంక్తులే, టీకతో చదివితే గంటలో అయిపోతుంది.