గోదావరి సూర్యాస్తమయం ఫోటోల్లో తెల్లబోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి డిసెంబరులో తీస్తున్నాను. ఆకాశం పాలిపోతోంది, పడవలేమో నల్లటి ముద్దలు. సెట్టింగ్స్ చెప్పగలరా?

జవాబు: కెమెరా చీకటి భాగాన్ని చూసి ఎక్స్‌పోజర్ (ఫోటోకి తీసుకునే వెలుతురు) పెంచేస్తోందండి. సూర్యుణ్ణి ఫ్రేమ్ బయట ఉంచి, పక్కనున్న ఆకాశం మీద మీటరింగ్ (కెమెరా వెలుతురు కొలత) లాక్ చేయండి. ఐఎస్ఓ (వెలుతురుకి సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు), రా (RAW, కెమెరా మార్పులు చేయని ఫైల్) ఫార్మాట్ పెట్టండి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో వద్దు, నారింజ రంగును చల్లార్చేస్తుంది; డేలైట్‌లో పెట్టండి. పడవల వివరాలూ కావాలంటే ట్రైపాడ్ మీద ఎక్స్‌పోజర్ −2, 0, +2 పెట్టి మూడు షాట్లు తీసి, వాటిని ఒకే ఫోటోగా కలపాలి. కదిలే పడవకి మాత్రం అంచులు రెండుగా వస్తాయి. దానికి నీడబొమ్మే అందం.

ఇంకో జవాబు: డిసెంబరు చివర్లో సూర్యుడు నేరుగా పడమరకి కాకుండా దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా, సుమారు 5:35కి దిగుతాడు. పాపికొండల్లో అయితే కొండ అడ్డొచ్చి ఇంకా ముందే మాయమవుతాడు, గంట ముందే సిద్ధంగా ఉండండి.