ప్రాక్టీసుకో తూటా, ఆత్మరక్షణకో తూటా: నిజంగా రెండు రకాలు కావాలా?

పటమట_తాత:
మా అబ్బాయి డాలస్‌లో 9 ఎం.ఎం. పిస్టల్ కొన్నాడు. రేంజ్‌లో కాల్చేవి ఒక రకం తూటాలట, ఇంట్లో లాకర్‌లో పెట్టుకునేవి ఇంకో రకమట. రెండో రకం 20 తూటాల పెట్టె, మొదటి రకం 50 తూటాల పెట్టె కంటే ఖరీదు. నిజంగా తేడా ఉందా, వ్యాపారమా? తెలిసినవాళ్లు చెప్పండి.

యార్డు_బాబాయ్:
వ్యాపారమే, సందేహం లేదు. 22 ఏళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాను. పాయింట్ 32 రివాల్వర్, కె.ఎఫ్. (ఖడ్కీ ప్రభుత్వ కర్మాగారం) తూటాలు. ప్రాక్టీసుకైనా అవే, అవసరానికైనా అవే. తగిలినవాడు ఇదే రకమని అడుగుతాడా?

డాలస్_తెనాలి:
బాబాయ్ గారూ, అడగడు. కానీ వాడి వెనకున్నవాడు అడుగుతాడు. ప్రాక్టీసు రౌండుకి సీసం మీద పూర్తిగా రాగి తొడుగు ఉంటుంది, ముక్కు గుండ్రం. ఒంట్లోంచి దూసుకుపోయి అవతలివాళ్లకి తగలొచ్చు. ఆత్మరక్షణకి వాడే హాలో పాయింట్‌కి ముక్కులో గుంట ఉంటుంది. లోపల దిగగానే విచ్చుకుంటుంది, వేగం తగ్గి చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

అలాగని మరీ తొందరగా ఆగకూడదు. 1986లో మయామిలో ఎఫ్‌బీఐకి, ఇద్దరు బ్యాంకు దొంగలకి మధ్య కాల్పులు జరిగాయి. ఒక తూటా దొంగ ఛాతీలోకి వెళ్లి, గుండె దాకా చేరకుండా ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. ఆ తర్వాతే ఎఫ్‌బీఐ, ఒంటి కండని పోలిన జెల్ దిమ్మలోకి తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలని కొలత పెట్టుకుంది.

బెంజిసర్కిల్:
ఇక్కడ ఇండియాలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు (తుపాకీ గొట్టం సైజు). మామూలు జనానికి లైసెన్స్ ఇవ్వరు. డాలస్ లెక్కలు మనకెందుకు?

పటమట_తాత:
నేను అడిగింది డాలస్ గురించే కదండీ.

యార్డు_బాబాయ్:
అవతలివాళ్లకి తగులుతుందంటాడేంటి! మా ఇంటి గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఏ తూటా దాటుతుంది చెప్పమనండి.

డాలస్_తెనాలి:
ఇక్కడ లోపలి గోడలు కర్ర చట్రం మీద జిప్సం బోర్డులండీ. అవతలి గదిలో పిల్లలు పడుకుంటారు. నిజం చెప్పాలంటే వాటిని హాలో పాయింట్ కూడా దాటుతుంది. గుంటలో జిప్సం పొడి కూరుకుంటే ఒక్కోసారి విచ్చుకోదు కూడా.

యార్డు_బాబాయ్:
చూశారా! వాడే ఒప్పుకున్నాడు. అదీ దాటుతుంది, ఇదీ దాటుతుంది. మరి డబ్బు తగలేయడం దేనికి?

డాలస్_తెనాలి:
గోడ ఒక్కటే పట్టుకుని వేలాడతారేంటండీ. మనిషికి తగిలాక ఏమవుతుందో నేను చెప్తున్నాను.

మాజీ_హవల్దార్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. మేం బెటాలియన్‌లో కాల్చినవన్నీ పూర్తి తొడుగు రౌండ్లే. విచ్చుకునే తూటాలు యుద్ధంలో వాడొద్దని 1899 హేగ్ ఒప్పందం. కోల్‌కతా దగ్గర దమ్‌దమ్ కర్మాగారంలో తయారైనందుకే వాటికి డమ్‌డమ్ అని పేరొచ్చింది. ఇళ్లలో ఆత్మరక్షణకి ఆ ఒప్పందం వర్తించదు, ఆ దేశపు చట్టమే చూసుకోవాలి.

తాతగారూ, మీ అబ్బాయిని రెండు మాటలు అడగండి. ఆ ఖరీదైన తూటాలు ఆ పిస్టల్‌లో ఎప్పుడైనా కాల్చాడా? గుండ్రటి ముక్కు జారినంత సాఫీగా గుంట ముక్కు కొన్ని పిస్టళ్లలో ఛాంబర్‌లోకి జారదు. కనీసం రెండు మూడు మ్యాగజైన్లు కాల్చి చూడాలి. రెండోది, రోజూ అదే రౌండుని ఎక్కించి దించుతున్నాడా? అలా చేస్తే ముందుండే బుల్లెట్ వెనక్కి నొక్కుకుని, మందు ఉండే ఇత్తడి గొట్టంలోకి దిగొచ్చు. అలాంటిది కాలిస్తే లోపల ఒత్తిడి పెరిగి తుపాకీకే ప్రమాదం. రివాల్వర్‌కి ఈ రెండు గొడవలూ లేవు.

అన్నట్టు బాబాయ్ గారూ, మీరు చివరిసారి ఎప్పుడు కాల్చారు?

యార్డు_బాబాయ్:
అది నీకెందుకు?

మాజీ_హవల్దార్:
ప్రాక్టీసుకీ అవే అన్నారు కదా, అందుకు.

యార్డు_బాబాయ్:
నా లైసెన్స్ మీద ఏడాదికి 50, ఒకసారికి 25. కాల్చేస్తే మళ్లీ కొనడానికి ఎన్నిసార్లు తిరగాలో నీకు తెలుసా? 2008లో చిలకలూరిపేట దాటాక కారుకి బండి అడ్డంపెట్టి నాలుగు లక్షలు పట్టుకుపోయారు. నా మెడ మీద కత్తి పెట్టారు. ఆ తర్వాత లైసెన్స్ కోసం ఐదేళ్లు తిరిగాను. ఎన్నికలొచ్చినప్పుడల్లా తీసుకెళ్లి స్టేషన్లో అప్పగించాలి, 2024లో కూడా అప్పగించాను. ఇన్ని పడి తెచ్చుకున్న తూటాలు అట్టముక్క మీద కాల్చమంటావా?

మాజీ_హవల్దార్:
అంటే 2013లో కొన్నవేనా అవి?

యార్డు_బాబాయ్:
బీరువాలో భద్రంగా ఉన్నాయి. కలరా ఉండలు కూడా వేసింది మీ పిన్ని.

బెంజిసర్కిల్:
😂😂

మాజీ_హవల్దార్:
నవ్వకండి, ఇది నవ్వే విషయం కాదు. అన్నేళ్లుగా ఒక్కటీ కాల్చని మనిషి, కత్తి మెడ మీదకొచ్చిన క్షణంలో గురి చూసి కాలుస్తాడా? ఏ రకం తూటా ఉంటే ఏం? బెదిరించడానికే అయితే బొమ్మ తుపాకీ చాలు.

యార్డు_బాబాయ్:
నోరు జాగ్రత్త! నీకు ప్రభుత్వమే తూటాలిచ్చింది, ప్రభుత్వమే కాల్చడం నేర్పింది. మా మాటేంటి? అది దిండు కింద ఉంటేనే నాకు నిద్రపడుతుంది. అంతే. కాల్చాలని కొనలేదు.

అరండల్‌పేట_లాయర్:
కాల్చాక కోర్టులో తూటా రకం కంటే ముందు, ఎందుకు కాల్చావని అడుగుతారు. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 37: రక్షణకి అవసరమైనదానికంటే ఎక్కువ హాని చేసే హక్కు లేదు.

పటమట_తాత:
బాబాయ్ గారి మాట చదివాక నాకూ దాచాలనిపించలేదు. నేను తూటాల కోసం అడగలేదండీ. మనవరాలికి నాలుగేళ్లు. ఇంట్లో తుపాకీ వద్దురా అంటే మావాడు ఫోన్ పెట్టేస్తాడు. తూటాల గురించి అడిగితే అరగంట మాట్లాడతాడు. అందుకని నేర్చుకుంటున్నా.

డాలస్_తెనాలి:
తాతగారూ, మా బాబుకి ఐదేళ్లు. మా నాన్న కూడా ఇలాగే అడిగితే నేనూ విసుక్కున్నాను. ఈసారి లాకర్ తాళం నంబరుదా, వేలిముద్రదా, పాప చూస్తుండగా ఎప్పుడైనా తీశావా అని అడగండి. కోపం తెచ్చుకోడు.

యార్డు_బాబాయ్:
హవల్దారూ, ఇప్పుడే పెట్టె తీసి చూశాను. రెండింటికి అంచున ఆకుపచ్చగా చిలుము పట్టింది. తుడిస్తే పోతుందా?

మాజీ_హవల్దార్:
తుడిచినా వాటిని వాడకండి. పక్కన పెట్టి, లైసెన్స్ పుస్తకం తీసుకుని కొన్న డీలర్ దగ్గరికి వెళ్లండి. దిండు కింద నుంచి కూడా తీసేయండి, మనవలు వస్తుంటారు కదా.

యార్డు_బాబాయ్:
సోమవారం వెళ్తాను. గోడ విషయం మాత్రం నేను ఒప్పుకోను.