అప్‌డేట్: తమ్ముడి ఓసీడీ చికిత్స ఎంతవరకు వచ్చిందంటే

గ్యాస్ రెగ్యులేటర్ కట్టేశామో లేదోనని రాత్రిళ్లు పదేపదే లేచి చూసుకునే మా తమ్ముడిది చాదస్తమా, జబ్బా అని లోగడ అడిగాను. సైకియాట్రిస్టు దాన్ని ఓసీడీ (వద్దన్నా వచ్చే భయాలు, వాటిని తగ్గించుకోవడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) అని నిర్ధారించి, డిప్రెషన్‌కు కూడా వాడే సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టారు. మందు గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చని, డిప్రెషన్‌కు ఇచ్చే దానికంటే ఎక్కువ మోతాదు తరచూ అవసరమవుతుందని ఆయన ముందే చెప్పడం వల్ల, మొదట్లో మార్పు లేకపోయినా వాడు మానేయలేదు.

అసలు కష్టమంతా ఈఆర్‌పీ చికిత్సలోనే (భయాన్ని కావాలనే ఎదుర్కొని, పదేపదే సరిచూసుకోకుండా ఆపుకునే సాధన) ఉంది. రెగ్యులేటర్‌ను ఒక్కసారి కట్టి, మళ్లీ తాకకుండా, సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోకుండా పడుకోవాలి. గుండె దడదడలాడినా ఆ ఆందోళన దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవాలి. “అమ్మా, కట్టేశావా?” అని వాడు అడిగినప్పుడు “కట్టేశాన్రా” అని భరోసా ఇవ్వడం కూడా వాడు లేచి చూసుకోవడంతో సమానమేనని, “దానికి జవాబు చెప్పను నాన్నా” అని ఊరుకోవాలని సైకాలజిస్టు మా ఇంటిల్లిపాదికీ నేర్పారు. అమ్మకు ఇది ఇప్పటికీ మింగుడుపడటం లేదు (తాయెత్తు కట్టిస్తే పోయేదానికి బిడ్డకు ఇంత హింస ఎందుకని ఆమె వాదన).

గ్యాస్ గొడవ చాలావరకు తగ్గింది గానీ, వీధి తలుపు గడియ దగ్గర ఇంకా ఆగిపోతున్నాడు. ఇక దానిమీద సాధన మొదలుపెట్టాలి. నెమ్మదించినా కనీసం ఏడాదిపాటు మందు కొనసాగించాలని, సొంతంగా ఆపకూడదని డాక్టరు చెప్పారు.