అప్‌డేట్: మా చెల్లి భుజం మీద కాలిన మచ్చ

చెల్లి భుజం మీద నూనె పడి కాలిన మచ్చ ఉబ్బి పెరుగుతోంది, కోయించేద్దామా అని అడిగాను కదా. హన్మకొండలో చర్మ డాక్టరుకు చూపించాం. గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పాకింది కాబట్టి కెలాయిడే (గాయం మానాక కూడా ఆగకుండా పెరిగే గట్టి మచ్చ) అన్నారు. దాన్ని ఊరికే కోసేస్తే మళ్లీ వస్తుందట, చాలాసార్లు ఇంకా పెద్దదిగా. అందుకే ఆపరేషన్ ఆలోచన మానేశాం.

ఇప్పుడు ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నేరుగా మచ్చలోకే ఇస్తున్నారు, 4 నుంచి 6 వారాలకోసారి. గట్టి మచ్చలోకి మందు ఎక్కేటప్పుడు నొప్పి బాగానే ఉంటుంది, పాపం నా చెయ్యి వదలదు. కానీ ముందుగా తగ్గింది దురదే. రాత్రిళ్లు నిద్ర పడుతోంది, నాకు అదే పెద్ద సంతోషం. వేలితో తడిమితే అంచులు మెత్తబడ్డాయి. సూది వేసిన చోట చర్మం కాస్త తెల్లబడింది. అలా కావచ్చని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు.

మచ్చ మీద అంటించే సిలికాన్ షీటు రోజుకు 12 గంటలకు పైగా ఉండాలన్నారు. మన వరంగల్ ఎండలకు పగలు చెమట పట్టి ఊడిపోతోంది, అందుకే సాయంత్రం స్నానం చేశాక అంటించి పొద్దున దాకా ఉంచుతున్నాం.

లేజర్ గురించి అడిగిన అక్కా, మచ్చ చదునయ్యాక చూద్దామన్నారు. మచ్చ పూర్తిగా మాయం కాదని కూడా చెల్లికి అర్థమయ్యేలా చెప్పారు.