డిగేల్–గ్రోవ్స్ పోరును ముందుగా ఎలా అంచనా వేయించాలి?

బాక్సింగ్ నేర్చుకునే పిల్లలకు 2011 మే 21న లండన్‌లో జరిగిన జేమ్స్ డిగేల్, జార్జ్ గ్రోవ్స్ పోరు చూపించబోతున్నాను. చూసే ముందే విజేత ఎవరో కారణాలతో రాయించాలని నా కోరిక. ఇద్దరూ ఒకే క్లబ్బులో పెరిగారు, ప్రొఫెషనల్‌గా అప్పటికి ఓటమి ఎరుగరు. డిగేల్‌ది ఎడమచేతి వాటం, పైగా బీజింగ్ ఒలింపిక్ స్వర్ణం. కానీ అమెచ్యూర్‌గా ఉన్నప్పుడు అతన్ని గ్రోవ్స్ ఓడించాడు! నేనైతే ఆ పాత గెలుపుకే ఎక్కువ విలువ ఇస్తాను. చివరికి ఇద్దరు జడ్జీలు గ్రోవ్స్‌కు ఒక్క పాయింటు ఆధిక్యమిచ్చారు, మూడో జడ్జి లెక్కలో ఇద్దరూ సమానమే. అలా గ్రోవ్సే గెలిచాడు.

ఇలాంటి సమవుజ్జీల విషయంలో పిల్లలను ముందుగా ఏం గమనించమనాలి? ప్రత్యర్థి వైపు ముందుకు పెట్టిన కాలు ఎక్కడ పడుతోందనా, వెనక్కి జరుగుతూ ఎవరు బాగా కొడతారనా? శిక్షణలో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి. వచ్చే ఆదివారమే చూపించాలి.