టీ కణం ఉత్తేజితమైతే హెచ్‌ఐవీ ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న:
సూక్ష్మజీవి ప్రవేశించగానే టీ కణాలు (రోగనిరోధక తెల్ల రక్తకణాలు) ఉత్తేజితమై దానితో పోరాడతాయని చదువుకున్నాం. కానీ వాటిలో సీడీ4 అనే రకం టీ కణం ఉత్తేజితమైనప్పుడే హెచ్‌ఐవీ అందులో జోరుగా వృద్ధి చెందుతుందని మా మైక్రోబయాలజీ పాఠంలో ఉంది. రక్షణ కోసం పుట్టిన సంకేతం వైరస్‌కు ఎలా ఉపయోగపడుతోందో దయచేసి ఎవరైనా వివరించగలరా?

సమాధానం 1:
విశ్రాంతిలో ఉన్న టీ కణంలో ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను, ఐ-కప్పా-బి అనే మరొక ప్రోటీన్ కేంద్రకంలోకి పోనివ్వకుండా కణద్రవ్యంలోనే పట్టి ఉంచుతుంది. కణం పైనున్న గ్రాహకం యాంటిజెన్‌ను (సూక్ష్మజీవి భాగాన్ని) గుర్తించినా, టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి సైటోకైన్ (కణాల మధ్య సంకేత ప్రోటీన్) వచ్చి చేరినా, కైనేజ్ ఎంజైములు ఒకదాని వెంట ఒకటి పనిచేసి ఐ-కప్పా-బి విచ్ఛిన్నమయ్యేలా చేస్తాయి. అలా విడుదలైన ఎన్ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి టీ కణాల వృద్ధికి తోడ్పడే ఐఎల్-2 వంటి జన్యువులను పనిలో పెడుతుంది. మన క్రోమోజోములో కలిసిపోయిన హెచ్‌ఐవీ డీఎన్ఏ మొదట్లో, వైరస్ జన్యువుల పనిని ఆరంభించే ఎల్‌టీఆర్ భాగంలోనూ ఇదే ప్రోటీన్ అతుక్కునే స్థానాలు ఉన్నాయని శాస్త్రవేత్తలు గేరీ నేబెల్, డేవిడ్ బాల్టిమోర్ 1987లో చూపించారు. ఆ స్థానాలే అసలు కీలకం. వాటి వల్ల తొలుత తయారైన కొద్దిపాటి ఆర్ఎన్ఏ నుంచి టాట్ అనే వైరస్ ప్రోటీన్ పుడుతుంది. అది కణంలోని పీ-టెఫ్-బి అనే ప్రోటీన్ల సముదాయాన్ని రప్పించి, మధ్యలోనే ఆగిపోతున్న ఆర్ఎన్ఏ తయారీని చివరిదాకా నడిపిస్తుంది కనుక, అక్కడి నుంచి ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

సమాధానం 2:
మన దేశానికి సంబంధించి ఒక విషయం తప్పక చేర్చాలి. అమెరికా, ఐరోపాలలో ఎక్కువగా ఉండే హెచ్‌ఐవీ ఉపరకం సబ్‌టైప్ బి లో ఎన్ఎఫ్-కప్పా-బి అతుక్కునే ఈ స్థానాలు సాధారణంగా రెండు ఉంటే, భారతదేశంలో అత్యధికంగా కనిపించే సబ్‌టైప్ సి లో మూడు ఉంటాయి. నాలుగు స్థానాలున్న వైరస్‌లను కూడా బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు గుర్తించారు. క్షయ సోకినప్పుడు టీఎన్ఎఫ్-ఆల్ఫా అధికంగా వెలువడుతుంది కాబట్టి, రెండూ ఉన్న శరీరంలో ఒక రోగం మరొకదాన్ని పెంచుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో దగ్గు, బరువు తగ్గడం వంటి క్షయ లక్షణాలను తేలిగ్గా తీసుకోకూడదు.

ప్రశ్నించినవారు:
చాలా ధన్యవాదాలండి. అయితే ఆ సంకేతాన్నే మందుతో అణచివేస్తే సరిపోదా?

సమాధానం 1:
సరిపోదండి. అణచివేస్తే మిగతా రోగనిరోధక శక్తీ కుంటుపడుతుంది, విశ్రాంతిలో ఉన్న జ్ఞాపక టీ కణాల్లో (పాత సంక్రమణలను గుర్తుంచుకునే కణాల్లో) దాగిన వైరస్ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి ఇచ్చే మందుల చికిత్స) కొత్త కణాలకు వైరస్ సోకకుండా ఆపుతుందే గాని, ఈ నిల్వను తొలగించలేదు. అది సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుందని అంచనా. అందుకే కొందరు శాస్త్రవేత్తలు వైరస్‌ను కావాలనే మేల్కొలిపే దారి పట్టారు. అలా మేల్కొలిపేందుకు వొరినోస్టాట్ అనే మందు ఇచ్చినప్పుడు కణాల్లో వైరస్ ఆర్ఎన్ఏ పెరిగింది కానీ నిల్వ తగ్గలేదు. మేల్కొన్న కణాన్ని చంపే పని మిగిలే ఉంది.